వెనుక వరుసలోని వాద్యం – ఫ్లమెంకో గిటారు కథ



ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్ళు నేను ఈ హాస్టల్లోనే ఉన్నాను. ఇప్పుడు పి.జి. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాడిని నేనే. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు "విద్య ప్రాముఖ్యత" మీద రాద్దామనుకున్నాను. కానీ ఆ విషయం మీద ప్రతి ఏడాదీ కనీసం మూడు వ్యాసాలైనా వస్తాయని మనందరికీ తెలుసు. అందుకని నేను కొత్తగా తెలుసుకున్న ఒక సంగీతం గురించి, దాన్ని వాయించిన ఒక మనిషి గురించి రాస్తున్నాను. స్పెయిన్ దేశపు సంగీతంతో మైపాడు, ఇసకపల్లి వైపు పల్లెల పిల్లలకు ఏం పని అని మీరు అడగవచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. చివరిదాకా చదవమని మనవి.

పోయిన ఏడాది మా రూమ్మేటు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఒకాయన గిటారు వాయిస్తున్నాడు. పక్కన ఇద్దరు చప్పట్లు కొడుతున్నారు. మధ్యమధ్యలో ఆయన వేలితో గిటారు చెక్క మీద ఠక్కున కొడుతున్నాడు. ఆ దెబ్బ వినగానే నాకు మా నాయన కొట్టే పలక గుర్తుకొచ్చింది. మన నెల్లూరు వైపు డప్పును పలక అంటాం కదా, అదే. ఆ రోజు నుంచి ఈ సంగీతం గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ఫ్లమెంకో అంటే ఏమిటి?

స్పెయిన్ దక్షిణాన అందలూసియా అనే ప్రాంతం ఉంది. సెవిల్, కాదిజ్, హెరెజ్ అక్కడి ఊళ్ళు. ఫ్లమెంకో పుట్టి పెరిగింది అక్కడే. ఇందులో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది పాట, రెండోది ఆట, మూడోది గిటారు. వీటికి తోడు చప్పట్లు. మనం సభ అయిపోయాక కొట్టే చప్పట్ల వంటివి కావవి. లెక్క ప్రకారం కొట్టే ఆ చప్పట్లు కూడా ఒక వాద్యమే. వాటికి "పాల్మాస్" అని పేరు. మన తిరునాళ్ళలో బాగా పాడినవాడిని "శెబాష్" అన్నట్టు వాళ్ళు "ఓలే" అంటారు.

మొదట్లో పాటే ముఖ్యం. ఆకలి, జైలు, చావు, దూరమైన తల్లి, దక్కని ప్రేమ, ఇవీ పాటల్లోని విషయాలు. గొంతు తియ్యగా ఉండాలన్న నియమం లేదు. బొంగురుగా, చీలినట్టుగా ఉన్న గొంతుకే అక్కడ గౌరవం ఎక్కువ. పాతకాలపు పాటలు కొన్నింటికి గిటారే లేదు. చప్పట్లతోనో, బల్ల మీద పిడికిలితో కొట్టే దెబ్బలతోనో పాడేవారు. 2010లో యునెస్కో ఫ్లమెంకోను మానవాళి వారసత్వ కళల జాబితాలో చేర్చింది. అంతకుముందు చాలాకాలం దాన్ని తాగుబోతుల పాటగా, దొంగల పాటగా చిన్నచూపు చూసినవాళ్ళు ఆ దేశంలోనే ఎంతోమంది ఉన్నారు.

గితానోలు ఎవరు?

ఫ్లమెంకోను పెంచి పోషించినవాళ్ళలో ముఖ్యులు గితానోలు. యూరప్‌లో రోమా అని పిలిచే సంచార ప్రజల్లో స్పెయిన్‌లో ఉన్నవాళ్ళను ఇలా పిలుస్తారు. వీళ్ళ పూర్వీకులు వెయ్యేళ్ళకు పైగా క్రితం మన దేశపు వాయవ్య ప్రాంతం నుంచి బయలుదేరినవాళ్ళే. ఈ సంగతి మొదట బయటపెట్టింది వాళ్ళ భాషే. రోమా భాషలో నీళ్ళను "పానీ" అంటారు. ముక్కు "నక్", చెవి "కన్". రెండుకు "దుయ్" అంటారు. హిందీ వచ్చినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 18వ శతాబ్దం చివర్లోనే యూరప్ పండితులు ఈ పోలికను గుర్తించారు. ఈ మధ్య జరిగిన జన్యు పరిశోధనలు కూడా అదే మాట చెప్పాయి.

వీళ్ళు 15వ శతాబ్దంలో స్పెయిన్ చేరారు. 1499లో అక్కడి రాజు, రాణి కలిసి ఒక ఆజ్ఞ ఇచ్చారు. తిరగడం మాని ఒకచోట స్థిరపడి ఎవరో ఒక యజమాని దగ్గర పనికి కుదరాలి, లేకపోతే 60 రోజుల్లో దేశం విడిచి పోవాలి. ఆ తర్వాత వాళ్ళ భాష మీద, బట్టల మీద నిషేధాలు వచ్చాయి. 1749 జూలై చివర్లో దేశమంతటా ఒకేసారి దాడి చేసి వేలాది మంది గితానోలను పట్టుకున్నారు. మగవాళ్ళను ఒకచోట, ఆడవాళ్ళను పిల్లలను మరోచోట బంధించారు. కమ్మరిపని చేస్తూ, పశువులను అమ్ముతూ, పొలాల్లో కూలి చేస్తూ ఊరి చివర బతికిన ఈ మనుషులు, వాళ్ళ పక్కనే బతికిన అందలూసియా పేదలు కలిసి ఈ సంగీతాన్ని తయారు చేశారు. ఊరి చివర అన్న మాటకు అర్థం ఈ సంచిక చదివేవాళ్ళకు నేను వివరించాల్సిన పని లేదు.

పన్నెండు దెబ్బల లెక్క

ఫ్లమెంకోకు ప్రాణం తాళం. అందులో "బులేరియా" అనే రకం చాలా పేరున్నది. ఒక ఆవర్తనానికి పన్నెండు దెబ్బలు. ఆ పన్నెండును సమంగా విడగొట్టరు. 3, 3, 2, 2, 2 అని విడగొడతారు. మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు.

తకిట తకిట తక తక తక

ప్రతి ముక్కలో మొదటి అక్షరం మీద గట్టిగా చప్పట్టు కొట్టి చూడండి. స్టడీ అవర్లో కాదు, సాయంత్రం ఆటల టైములో. మొదటి రెండు దెబ్బలు నిదానంగా, తర్వాతి మూడు దగ్గరదగ్గరగా పడతాయి. ఆ తేడాలోనే ఊపు ఉంది.

ఇక స్వరాల సంగతి. ఫ్లమెంకోలో ఎక్కువగా వినిపించే స్వరాల వరుస మన కర్ణాటక సంగీతంలోని హనుమతోడి రాగం స్వరాలతో సరిపోతుంది. అందులో గాంధారాన్ని కాస్త పైకి మారిస్తే వకుళాభరణం అవుతుంది. ఫ్లమెంకోలో ఈ రెండూ కలగలిసి వినబడతాయి. ఇది పోలిక మాత్రమే, వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారని అర్థం కాదు. ఆ ప్రాంతంలో అరబ్బుల సంగీతం, యూదుల సంగీతం, అక్కడి జానపదం అన్నీ కలిశాయి.

గిటారులో తేడా ఏమిటి?

ఫ్లమెంకో గిటారుకూ ఆరు తీగలే. అయితే వెనుక, పక్కల వాడే చెక్క సాధారణంగా సైప్రస్. అది తేలికైన చెక్క. తీగలను చెక్కకు బాగా దగ్గరగా బిగిస్తారు. అందువల్ల శబ్దం కంచు గీసినట్టు పదునుగా వచ్చి, తొందరగా ఆగిపోతుంది. పాటకుడి గొంతును, ఆడేవాళ్ళ కాలి చప్పుడును దాటి వినిపించాలంటే ఆ పదును కావాలి.

వాయించే పద్ధతులు కూడా వేరు. ముడిచిన వేళ్ళను ఒకదాని వెనుక ఒకటి విదిల్చి తీగలన్నింటినీ ఒకేసారి మోగించడం "రస్గేయాదో". చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటుతూ స్వరాలను పరుగెత్తించడం "పికాదో". వేలితో చెక్క మీద కొట్టడం "గోల్పే". నాకు పలకను గుర్తు చేసింది ఇదే. దెబ్బలకు చెక్క పాడవకుండా అక్కడ ఒక పలుచని రేకు అతికిస్తారు.

ఇంకో సంగతి. 1940లలో నైలాన్ తీగలు వచ్చాయి గానీ, అంతకుముందు గిటారు తీగల్లో కొన్నింటిని పశువుల పేగులతో చేసేవారు. ఆ తీగలు మీటిన చేతిని అంటరానిదని అక్కడ అనలేదు. మన దగ్గర పలక తోలు ముట్టిన చేతిని అన్నారు.

వెనుక కుర్చీ

ఇంత పదునైన వాద్యమైనా చాలాకాలం గిటారు స్థానం వెనుక వరుసే. 19వ శతాబ్దం రెండో సగంలో "కఫే కాంతాంతే" అనే హోటళ్ళు వచ్చాయి. డబ్బిచ్చి ఫ్లమెంకో వినే చోట్లు అవి. అక్కడ గిటారిస్టు పని పాటకుడికి శ్రుతి ఇవ్వడం, ఆడేవాళ్ళకు తాళం అందించడం. వాళ్ళు ఊపిరి తీసుకునే సందులో రెండు ముక్కలు వాయించుకోవచ్చు, అంతే.

హోటల్ పని చాలక గిటారిస్టులు రాత్రుళ్ళు భూస్వాముల బిడ్డలు చేసుకునే విందులకు పోయేవారు. పిలుపు కోసం ఎదురుచూడాలి. పిలిస్తే తెల్లవారేదాకా వాయించాలి. కూలి ఎంత ఇవ్వాలన్నది పిలిచినవాడి ఇష్టం. పెళ్ళికీ చావుకీ జాతరకూ పిలిపించుకుని, చివర్లో ఎంతో కొంత చేతిలో పెట్టి పంపే పద్ధతి మనకూ తెలిసిందే.

ఆ కుర్చీని కొంచెం కొంచెంగా ముందుకు జరిపినవాళ్ళు ఉన్నారు. రామోన్ మోంతోయా 1936లో పారిస్‌లో ఒంటరి గిటారు కచేరీ చేశాడు. సబికాస్ అనే గితానో కళాకారుడు అదే ఏడాది అంతర్యుద్ధం వల్ల స్పెయిన్ విడిచిపోయి, తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, అమెరికా అంతటా గిటారుకు పేరు తెచ్చాడు. ఆ కుర్చీని పూర్తిగా ముందుకు తెచ్చినవాడు మాత్రం నేను వీడియోలో చూసినాయన. ఆయన పేరు పాకో డి లూసియా.

లూసియమ్మ కొడుకు పాకో

ఆయన 1947 డిసెంబరు 21న అల్జెసిరాస్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. అసలు పేరు ఫ్రాన్సిస్కో సాంచెజ్. ఆ వీధిలో పాకో అనే పేరుగల పిల్లలు చాలామంది ఉండేవారు. అందుకని తల్లి పేరు కలిపి "లూసియా వాళ్ళ పాకో" అని పిలిచేవారు. మన ఊళ్ళలో పిలిచినట్టే. తర్వాత ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలిచింది. ఆయన గితానో కాదు. వాళ్ళ మధ్య పెరిగిన పేద కుటుంబం బిడ్డ.

తండ్రి పగలు చిన్నచిన్న వ్యాపారాలు చేసి, రాత్రి విందుల్లో గిటారు వాయించి ఐదుగురు పిల్లలను పెంచాడు. కొడుకును చిన్నప్పుడే గిటారు ముందు కూర్చోబెట్టి రోజుకు గంటల తరబడి సాధన చేయించాడు. ఇంట్లో డబ్బు లేక పాకో చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. పదమూడు, పద్నాలుగేళ్ళకే అన్న పాడుతుంటే తమ్ముడు వాయిస్తూ, "అల్జెసిరాస్ చిన్నోళ్ళు" అనే పేరుతో ఇద్దరి పాటలు రికార్డుగా వచ్చాయి.

1960లలో ఒక నాట్య బృందం వెంట పాకో అమెరికా వెళ్ళాడు. అక్కడ సబికాస్ ముందు వాయించాడు. అప్పటిదాకా ఆయన పెద్దవాళ్ళ బాణీలే వాయిస్తున్నాడు. గిటారిస్టు అన్నవాడు తన సొంత సంగీతం వాయించాలని సబికాస్ చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుంది.

అయినా ఆయన వెనుక కుర్చీని వెంటనే వదల్లేదు. కమరోన్ డి లా ఇస్లా అనే గితానో పాటకుడి వెనుక 1969 నుంచి 1977 దాకా రికార్డుల మీద రికార్డులకు వాయించాడు. కమరోన్ కాదిజ్ దగ్గర ఒక కమ్మరి ఇంట్లో పుట్టినవాడు. ఆ పాటలతోనే కొత్త తరం ఫ్లమెంకో మొదలైందని అంటారు. పాటకుడు ఎక్కడ ఊపిరి తీస్తాడో, ఎక్కడ ఆగుతాడో ఏళ్ళ తరబడి విన్న చెవి అది. తర్వాత ఒంటరిగా వాయించినప్పుడు ఆ గిటారు పాడినట్టు ఉండడానికి కారణం అదేనని నాకు అనిపిస్తుంది.

1973లో వచ్చిన ఆల్బంలో "ఎంత్రె దోస్ ఆగ్వాస్" అనే బాణీ ఉంది. రెండు నీళ్ళ మధ్య అని దాని అర్థం. ఆయన ఊరు మధ్యధరా సముద్రం, అట్లాంటిక్ మహాసముద్రం కలిసే జలసంధి దగ్గర ఉంది. ఆల్బంలో చోటు నింపడానికి చివర్లో అప్పటికప్పుడు వాయించిన ఆ బాణీయే స్పెయిన్ అంతా మోగిపోయింది. 1975లో మాడ్రిడ్‌లోని తియాత్రో రియల్‌లో ఆయన కచేరీ జరిగింది. అది పెద్దింటి శాస్త్రీయ సంగీతానికి పెట్టింది పేరైన వేదిక. అక్కడ పాటకుడు లేడు, ఆట లేదు. వేదిక మధ్యలో గిటారే.

1970ల చివర్లో పెరూ దేశం వెళ్ళినప్పుడు ఆయన బృందం "కహోన్" అనే వాద్యాన్ని చూసింది. అది ఒక చెక్క పెట్టె. సరుకుల పెట్టెలను ఆఫ్రికా బానిసలు వాద్యంగా మార్చుకున్నారు. దాన్ని ఫ్లమెంకోలోకి తెచ్చింది పాకో బృందమే. ఈ రోజు అది లేని ఫ్లమెంకో బృందం అరుదు.

స్వరలిపి చదవడంలో ఆయనకు శిక్షణ లేదు. అయినా 1991లో ఆర్కెస్ట్రాతో కలిసి రోద్రిగో రాసిన ప్రసిద్ధ గిటారు కచేరీని వాయించాడు. చూపు లేని ఆ వృద్ధ స్వరకర్త ఎదురుగా కూర్చుని విన్నాడు. 2004లో స్పెయిన్ దేశపు గొప్ప పురస్కారమైన ప్రిన్స్ ఆఫ్ ఆస్తురియాస్ పాకోకు వచ్చింది. 2014 ఫిబ్రవరి 25న, 66 ఏళ్ళ వయసులో మెక్సికోలో ఆయన చనిపోయాడు.

పాలకొల్లు మాండొలిన్

పాకో కథ చదువుతుంటే మన తెలుగువాడు ఒకాయన గుర్తుకొచ్చాడు. ఇద్దరినీ కలిపే మనిషి కూడా ఉన్నాడు. ఆయన ఇంగ్లండుకు చెందిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్. 1980 డిసెంబరు 5న శాన్ ఫ్రాన్సిస్కోలో పాకోతో, ఆల్ డి మియోలాతో కలిసి ఆయన చేసిన కచేరీ రికార్డు లోకమంతా వినబడింది. అదే మెక్‌లాఫ్లిన్ తర్వాత జాకీర్ హుస్సేన్‌తో కలిసి నడిపిన "రిమెంబర్ శక్తి" బృందంలో పక్కన కూర్చుని వాయించినవాడు మన మాండొలిన్ శ్రీనివాస్.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవాడు. ఆ రోజుల్లో మాండొలిన్ అంటే సినిమా పాటల్లో ఎక్కడో వెనుక మోగే వాద్యం. కర్ణాటక కచేరీ వేదిక మీద దానికి చోటు లేదు. ఆరేళ్ళ వయసులో ఆ పిల్లవాడు మాండొలిన్ పట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పిల్లవాడు విని, ఆ గమకాన్ని తీగ మీద ఎలా పలికించాలో తానే వెతుక్కునేవాడు. నాకు ఈ సంగతి చాలా నచ్చింది. మన ఇళ్ళలో చదువు చెప్పగలిగినవాళ్ళు లేరు. చదువుకో అని చెప్పినవాళ్ళు ఉన్నారు. దారి మనమే వెతుక్కున్నాం.

మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి, శబ్దం వెంటనే ఆగిపోతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో వాయించాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ, 1981లో మద్రాసులో, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే చెన్నైలో ఆయన కన్నుమూశాడు. పాకో పోయిన ఏడాదే ఆయనా పోయాడు.

మా నాయన పలక

ఇక చివరిగా నా సంగతి. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం మా నాయన నన్ను చూడటానికి హాస్టల్‌కు వచ్చాడు. పక్క ఊళ్ళో చావుకు వాయించి, అటు నుంచి అటే వచ్చాడు. పలక గోనెసంచిలో చుట్టి గేటు దగ్గర గోడకు ఆనించాడు. "సంచిలో ఏముంది? మీ నాయన ఏం పని చేస్తాడు?" అని నా స్నేహితుడు అడిగాడు. "కూలిపని" అన్నాను. సంచి గురించి ఏమీ చెప్పలేదు. మా నాయన పక్కనే ఉన్నాడు. విన్నాడు. నా చేతిలో యాభై రూపాయలు పెట్టి సంచి భుజానికి వేసుకుని వెళ్ళిపోయాడు.

ఈ వ్యాసం కోసం చదివింది మొన్న సంక్రాంతికి మా నాయనకు చెప్పాను. పలక నేర్పమని అడిగాను. "నీకెందుకు నాయనా అది? వాళ్ళు పిలిస్తే పోవాల, ఇచ్చింది తీసుకోవాల. ఆ బతుకు నీకొద్దనే గదా చదివించింది" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. పలక కొట్టనని ఎదురు తిరిగి దెబ్బలు తిన్న పల్లెలు మన రాష్ట్రంలో ఉన్నాయి. ఆ తిరుగుబాటును నేను గౌరవిస్తాను.

అయితే పాకో కథ నుంచి నాకు అర్థమైంది ఒకటి ఉంది. తండ్రి విందుల్లో వాయించిన గిటారూ, కొడుకు తియాత్రో రియల్‌లో వాయించిన గిటారూ ఒకటే. తాళమూ అదే పన్నెండు దెబ్బలు. మారింది కుర్చీ ఉన్న చోటు. ఎప్పుడు వాయించాలో, ఎంత తీసుకోవాలో ఎవరు నిర్ణయిస్తారన్నది మారింది. మనం వదిలించుకోవాల్సింది ఆ పిలుపును, పలకను కాదు. ఇదే మాట మా నాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తాటాకు మంట వేసి పలకకు సెగ చూపించాడు. జాతర దరువు, పెళ్ళి దరువు, చావు దరువు వరసగా వాయించాడు. ఫోన్లో రికార్డు చేసుకున్నాను. రాత్రి కూర్చుని ఒక్కొక్క దరువునూ తకిట, తక అని లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకున్నాను. మా తాతకు డప్పు కళాకారుల పింఛను వస్తుంది, 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. ఆయన దగ్గర ఇంకా పాత దరువులు ఉన్నాయట. సెలవులకు అవి కూడా రాస్తాను.

తమ్ముళ్ళూ, మీరు కూడా ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అడగండి. పలక కావచ్చు, వల లాగేటప్పుడు పాడే పాట కావచ్చు, నాట్ల పాట కావచ్చు. ఫోను ఉంటే రికార్డు చేయండి, లేకపోతే రాసుకోండి. చదువు మానమని నేను చెప్పడం లేదు. రాయడం, లెక్కపెట్టడం మనకు నేర్పింది ఈ చదువే. ఆ చదువుతో ముందుగా మన ఇంట్లో ఉన్నదాన్ని రాసుకుందాం.

ఈ వార్షికోత్సవానికి మా నాయనను కూడా రమ్మన్నాను, పలక తీసుకుని. "చూద్దాంలే" అన్నాడు. వస్తే, ఎనిమిదో తరగతిలో నన్ను ఆ ప్రశ్న అడిగిన స్నేహితుడు కూడా అక్కడ ఉంటే, ఈసారి సరైన జవాబు చెబుతాను.

– పూర్వ విద్యార్థి, పి.జి. రెండో సంవత్సరం